సముద్రం లేని జిల్లా నుంచి సముద్రపు కొలువుకు

భారత తీరానికి సునామీ హెచ్చరికలు, పెద్ద అలల హెచ్చరికలు హైదరాబాద్ శివారు ప్రగతినగర్ నుంచి వెళ్తాయి. అక్కడి జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రాన్ని అందరూ ఇన్‌కాయిస్ అంటారు. అది 1999లో ఏర్పడింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిపోయాక, 2007 అక్టోబరులో దేశపు సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రాన్ని కూడా అక్కడే పెట్టారు. హిందూ మహాసముద్రంలో పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల వ్యవధిలో తొలి బులెటిన్ ఇవ్వాలన్నది అక్కడి పని తీరు. సముద్రంలో తేలే బోయాలు, అడుగున ఒత్తిడిని కొలిచే పరికరాలు, రేవుల్లోని ఆటుపోట్ల కొలమానాలు, ఉపగ్రహాలు పంపే లెక్కలన్నీ ఆ గదుల్లోని తెరల మీదికి చేరతాయి.

నిజామాబాద్‌లో బస్సెక్కితే ఆ చోటు సగం రోజు ప్రయాణం కూడా కాదు. అయినా ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లల ఇళ్లలో ఈ కొలువు ఊసే రాదు. సముద్రపు ఉద్యోగాలు విశాఖ, కాకినాడ పిల్లలవనే నమ్మకం ఒకటి. వాతావరణ శాఖ అంటే టీవీలో ‘అక్కడక్కడా జల్లులు’ అని చదివే పని అన్న చిన్నచూపు మరొకటి. ఈ రెంటికీ వెనుక అసలు నమ్మకం వేరే ఉంది: ఎంపీసీ చదివినవాడు కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేయాలి, బీఎస్సీ అన్నది సీటు రానివాడి చదువు. పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

సముద్ర వాతావరణ నిపుణుడికి వేసవి తీరికలేని కాలం. బంగాళాఖాతంలో తుపానులు అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ 1990 మే 9న మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటిన తీవ్ర తుపాను ఆంధ్రప్రదేశ్‌లో 900 మందికి పైగా ప్రాణాలు తీసింది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పోయినవారు దాదాపు పదివేల మంది. ఈ రెండు అంకెల మధ్య అంత తేడా ఉండటానికి ఒక ముఖ్య కారణం, 1990లో హెచ్చరిక ముందుగా అందడం, లక్షల మందిని ముందే తరలించడం. దివిసీమ కబుర్లు నిజామాబాద్ జిల్లాకు కొత్త కాదు. నిజాంసాగర్ నీళ్లు పారాక కోస్తా నుంచి వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ క్యాంపులు కట్టుకున్న కుటుంబాల పెద్దలు ఆ ఉప్పెన గురించి ఇప్పటికీ చెబుతారు.

తుపాను లేకున్నా సముద్రం పొంగుతుంది. దక్షిణాన అంటార్కిటికా దిక్కున రేగిన గాలివానల వల్ల పుట్టిన పొడవాటి అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, కొన్ని రోజుల తర్వాత కేరళ, తమిళనాడు ఒడ్డున ఆకాశం నిర్మలంగా ఉన్న పూట విరుచుకుపడతాయి. కేరళ జాలరులు దీన్ని కల్లక్కడల్ అంటారు. ఇది ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ. అల ఎక్కడ పుట్టిందో, ఏ వేగంతో వస్తోందో గణితంతో కట్టవచ్చు కాబట్టి రెండు మూడు రోజుల ముందే చెప్పడం సాధ్యం. 2024 మే మొదటి వారంలో ఇన్‌కాయిస్ ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. అయినా కన్యాకుమారి జిల్లా బీచ్‌లో అయిదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయారు. అంచనా కట్టడంతో పని సగమే అవుతుంది. దాన్ని మనిషికి అర్థమయ్యే మాటల్లో, అందే సమయంలో చేర్చడం మిగతా సగం. తెలుగు బాగా రాయగల సైన్సు విద్యార్థికి ఈ రంగంలో చోటుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

విశాఖ తీరంలో సెలవులకు వెళ్లినవాళ్లను లోపలికి లాగేసే రిప్ ప్రవాహాలు ఇంకో ప్రమాదం. పొగమంచు మరొకటి. కాలిఫోర్నియా తీరంలో నడివేసవిలోనే మంచు కమ్ముతుంది. లోతుల్లోని చల్లటి నీరు పైకి ఉబికి, దాని మీదుగా వచ్చే తేమగాలి చల్లబడటం అందుకు కారణం. అక్కడి అంచనాదారులు ఓడలకు, విమానాలకు, ఒడ్డున నడిచేవారికి వేర్వేరుగా హెచ్చరికలు రాస్తారు. ఆ తీరం నుంచే, శాన్ డియాగోలో పనిచేసిన యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖ దగ్గర కూడా వేసవి మొదట్లో నీరు ఇలాగే ఉబుకుతుందని విద్యార్థులతో కలిసి కొలిచి చూశాడు. మన నీరు అంత చల్లబడదు కాబట్టి వేసవిలో అంత మంచూ పట్టదు. మన తీరంలో మంచు చలికాలపు ఉదయాల సమస్య.

తెలుగువారికి ఈ రంగం కొత్తది కాదు. 1875లో మొదలైన భారత వాతావరణ శాఖకు 1969 నుంచి 1975 వరకు అధిపతిగా ఉన్న పంచేటి కోటేశ్వరం తెలుగువారే. వేసవి రుతుపవనాల కాలంలో మన నెత్తిన చాలా ఎత్తున వీచే తూర్పు జెట్ గాలిని గుర్తించిన ఘనత ఆయనది.

ఇక చదువు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, తర్వాత బీఎస్సీ, ఆపైన వాతావరణ లేదా సముద్ర శాస్త్రంలో ఎమ్మెస్సీ. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా, ఐఐటీ భువనేశ్వర్ జామ్ పరీక్ష ద్వారా చేర్చుకుంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, కొచ్చిన్ విశ్వవిద్యాలయంలోనూ పాత విభాగాలున్నాయి. బీటెక్ చేసినవారికి గేట్ ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరులో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. ఈ చదువులకు ఈత రానక్కర్లేదు.

వీటిలో మేలైన దారి బీఎస్సీదే. నిజామాబాద్ గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చదివి, పక్కన పైథాన్ నేర్చుకున్న విద్యార్థికి మూడేళ్లకయ్యే ఖర్చు, హైదరాబాద్ కార్పొరేట్ హాస్టల్‌లో ఒక్క ఏడాది ఇంటర్ ఫీజుకు కూడా సరితూగదు. అయినా తల్లిదండ్రులు పసుపు అమ్మిన డబ్బు, గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బు తీసుకెళ్లి అలాంటి హాస్టళ్లలో కడతారు. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా పిల్లవాణ్ని కూర్చోబెట్టి, ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సీటు కొంటారు. ఆ అబ్బాయికి ఫిజిక్స్ ఇష్టమా, కోడింగ్ ఇష్టమా అని ఒక్కరూ అడగరు. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో బోధన్‌కు వేరే చెప్పనవసరం లేదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న నిజాం చక్కెర ఫ్యాక్టరీలో కొలువంటే తరతరాల భరోసా అనుకున్నారు. అది 2015 డిసెంబరులో మూతపడింది.

వాతావరణ కొలువుల దారిలోనూ ఉచ్చులున్నాయి. వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2017లో 1,102, మళ్లీ 2022లో 990 ఖాళీలు ప్రకటించింది. మూల వేతనం 35,400 రూపాయలు, డిగ్రీ చాలు. కానీ రెండు ప్రకటనల మధ్య అయిదేళ్లు గడిచాయి. ‘వెదర్ జాబ్ స్పెషల్ బ్యాచ్’ అని ఏడాది పొడవునా ఫీజు వసూలు చేసేవారిని నమ్మి గది అద్దెకు తీసుకుని కూర్చోవడం తెలివైన పని కాదు. పైగా ఆ పరీక్షలో సగం మార్కులు భౌతికశాస్త్రం, కంప్యూటర్ లేదా ఎలక్ట్రానిక్స్‌వి. మామూలు కోచింగ్ సెంటర్ రీజనింగ్, ఇంగ్లిష్ చెప్పి చేతులు దులుపుకుంటుంది. డిగ్రీని శ్రద్ధగా చదివినవాడికి ఆ సగం ముందే చేతిలో ఉంటుంది.

ప్రాజెక్టు ఉద్యోగాల విషయంలో కూడా కళ్లు తెరిచి ఉండాలి. రైతులకు వాతావరణ సలహాలిచ్చేందుకు కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన జిల్లా యూనిట్లు దేశంలో 199 ఉండేవి. 2024లో వాటిని ఎత్తేశారు. వాటిలో పనిచేసినవారు కాంట్రాక్టు సిబ్బంది కాబట్టి వీధిన పడ్డారు. అలాంటి పని అనుభవం కోసం చేయవచ్చు, దాన్నే నమ్ముకుని ఇల్లు కట్టుకోకూడదు.

సముద్రం అనగానే మర్చంట్ నేవీ అని అర్థం చేసుకునే తల్లిదండ్రుల సంగతి ఇంకోటి. ఆరు నెలల కోర్సు, ఓడలో ఉద్యోగం, డాలర్లలో జీతం అని చెప్పి లక్షలు గుంజే ఏజెంట్లు గల్ఫ్ వీసాల ఏజెంట్ల దారిలోనే నడుస్తారు. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదం లేని కాలేజీకి, లైసెన్సు లేని నియామక సంస్థకు ఒక్క రూపాయి కట్టినా పోయినట్టే. అంచనాదారుడి ఉద్యోగానికీ దీనికీ సంబంధమే లేదు.

వైమానిక దళంలో వాతావరణ శాఖ, తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, సౌర, పవన విద్యుత్ కంపెనీలు, పంటల బీమా సంస్థలు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవారికి దారులు. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్ ఆమోదించింది. 2025 మేలో ఆరు కిలోమీటర్ల గడుల్లో అంచనా వేసే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. గడి చిన్నదయ్యేకొద్దీ లెక్కా పెరుగుతుంది, ఆ లెక్క రాయగలవారి అవసరమూ పెరుగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఆరుతుండగా వడగళ్లు పడితే ఏమవుతుందో తెలిసిన ఆర్మూర్, బాల్కొండ పిల్లలకు ఆ గడి విలువ విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ పని అందరికీ సరిపడదు. తుపాను రోజుల్లో రాత్రి షిఫ్టులుంటాయి, బదిలీ దేశంలో ఎక్కడికైనా ఉంటుంది, తప్పిన అంచనాకు జనం తిడతారు. అవకలన సమీకరణాలంటే భయపడేవారు దీనికి దూరంగా ఉండటమే మంచిది. కంప్యూటర్ సైన్స్ నిజంగా ఇష్టమున్నవారు అదే చదవాలి. కానీ ఫిజిక్స్ ఇష్టమున్న పిల్లలుంటే, ఈసారి డిగ్రీ ప్రవేశాల దోస్త్ దరఖాస్తు నింపేటప్పుడు గణితం, భౌతికశాస్త్రం ఉన్న కాంబినేషన్‌ను తల్లిదండ్రులు వారి మొదటి ఆప్షన్‌గా పెట్టనివ్వాలి.