పాత మట్టియింటిని బాగుచేయుట, పెంచుట

కోఁతలు ముగిసి, తొలకరికి వ్యవధి యున్న దినములలో ఆలుమగలు తమ పాత మట్టియింటిని తామే బాగుచేసికొని, ఒక గది పెంచుకొనఁదలఁతురు. ఇది మెచ్చఁదగిన పని. కాని క్రమము తప్పినచో వానకాలమున గోడ కూలి ప్రాణములకే ముప్పు వాటిల్లును. కావున మూఁడు సంగతులు రైతుసోదరులకు మనవి చేయుచున్నాము.

మొదటిది నీరు. గోడ యడుగునకుఁ జెమ్మ యెచ్చటనుండి వచ్చుచున్నదో ముందుగాఁ గనిపెట్టవలెను. చూరునీరు గోడకు దూరముగాఁ బడునట్లును, గోడచుట్టు నేల వెలుపలికి వాలుగా నుండునట్లును జేయవలెను.

రెండవది పూఁత. గట్టిదని తలఁచి కొందఱు మట్టిగోడపై సిమెంటు పూయుదురు. అది లోని చెమ్మను వెలికి రానీయదు. గోడ లోలోపల మెత్తబడును. పూఁత పెచ్చులుగా నూడును. మట్టిపూఁతగాని సున్నపుపూఁతగాని మేలు. కాల్చిన సున్నపురాయి నీటఁ బడఁగానే కాఁగి పొంగును; చిందినచో కన్నులకు హాని. పిల్లలను దరిఁ జేరనీయరాదు. ఆ సున్నమును కనీసము 15 దినములు గుంటలో నాననీయవలెను.

మూఁడవది క్రొత్తగోడ. పాతగోడ వెంబడి పునాదిని ఒక్కమాఱుగాఁ ద్రవ్వరాదు. పాత పునాదికంటె లోతునకుఁ బోరాదు. ఒక తడవకు 3, 4 అడుగులు మాత్రమే త్రవ్వి, కట్టి, పిదప ముందునకు సాగవలెను. క్రొత్తగోడ తన బరువుచేఁ గొంత దిగును. పాతదానితోఁ బెనవేసినచో రెండును బీటలువాఱును; నడుమ నిలువుసందు విడువవలెను.

దూలమునఁ జెదలు కనఁబడినచో వడ్రంగికిఁ జూపక పైకప్పు నంటరాదు. పైకము చాలనిచో ఈయేఁట చూరును, పూఁతను ముగించి, గదిని వచ్చు వేసవికి నిలుపుకొనుట మంచిది.