తోటలో గడ్డిదుబ్బులు: పెంపకము, పోషణ

వరి, జొన్న, చెరకు, వెదురు ఇవన్నియు గడ్డి కుటుంబమునకు చెందినవే. పదకొండు వేలకు పైగా జాతులున్న ఈ కుటుంబమునకు మన తోటలలో మాత్రము గౌరవము తక్కువ. అందము కొరకు గడ్డిని నాటుట వింతగా తోచవచ్చును. గడ్డి అని మనము పిలుచునవన్నియు గడ్డి కాదన్నది కూడ గమనింపదగినది. తుంగ కాడను వ్రేళ్ల మధ్య త్రిప్పి చూచినచో మూడు పలకలు తగులును. అది వేరొక కుటుంబము. కాంగ్రెసు గడ్డి అను వయ్యారిభామ పొద్దుతిరుగుడు కుటుంబములోనిది. నిజమైన గడ్డికి కాడ గుండ్రముగా, కణుపులతో ఉండును.

గడ్డిలో పెరుగు భాగము ఆకు కొనయందు గాక మొదటియందున్నది. పశువు మేసినను, కత్తెర వేసినను మరల చిగుర్చుటకు ఇదియే కారణము. ఇక పెరుగు తీరును బట్టి ఇవి రెండు విధములు: గరిక వలె ప్రాకునవి, వట్టివేరు వలె దుబ్బు కట్టునవి. పూలమళ్ల ప్రక్కన మొదటి రకమును నాటినవారు తరువాత కలుపు తీయుచునే ఉండవలెను. కావున తోటకు దుబ్బు గడ్డియే మేలు.

నా అభిప్రాయమున మన నేలకు వట్టివేరును మించిన అలంకార తృణము లేదు. ఉర్దూలో దీనిని ఖస్ అందురు. వేసవిలో దీని వేళ్లతో అల్లిన తడికలపై నీరు చల్లి గదులను చల్లబరచుకొనుట మన ఇండ్లలో పాత అలవాటు. నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును, వేరు పరిమళమును విడుచును. ఇంగ్లీషులోని వెటివర్ అను మాట తమిళము నుండి ఫ్రెంచి ద్వారా చేరినదే. దీని వేళ్లు ప్రక్కలకు గాక నిలువుగా దిగి, మూడు నాలుగు మీటర్ల లోతు వరకు పోగలవు. అందువలన ప్రక్క మొక్కలతో పోటీ తక్కువ. వాలు నేలలో మన్ను కొట్టుకొనిపోదు. దక్షిణ భారతమున సాగుచేయు రకములు మొలకెత్తు విత్తనము నీయవు గనుక పొలములపై బడి వ్యాపించు భయము లేదు. అయితే మన్ను నిలుపుటకు నాటిన వరుసను వేళ్ల కొరకు త్రవ్వరాదు. అట్లు త్రవ్విన, కట్టను మనమే తెగగొట్టినట్లగును. వేళ్లు కావలసినవారు వేరొక మడిలో పెంచుకొనవలెను.

నాటుటకు తొలకరి తగిన కాలము. ముదురు దుబ్బును పెల్లగించి, రెండు మూడు పిలకలకొక నారుగా చీల్చి, ఆకును జానెడు మేరకు, వేరును నాలుగంగుళముల మేరకు కత్తిరించవలెను. వరుసకట్టగా నైతే 10 నుండి 15 సెంటీమీటర్లకొకటి, విడిదుబ్బుగా నైతే మూడడుగులకొకటి చాలును. ఎండ బాగుగా తగులవలెను. నీడలో దుబ్బు పలుచబడును. మొదటి రెండు నెలలు తడి ఆరనీయరాదు. చివికిన పశువుల ఎరువు కొంచెము చాలును. యూరియా అతిగా వేసినచో ఆకు మెత్తబడి పడిపోవును. పచ్చదనమునకు ఆశపడి పలువురు ఈ పొరపాటే చేయుదురు. ఫిబ్రవరి చివర ఎండుటాకును మోకాలెత్తుకు కోసివేయుట తప్పనిసరి. వేసవిలో ఎండుదుబ్బుపై ఒక అగ్గిపుల్ల పడినను చాలును. కొన్ని యేండ్లకు దుబ్బు నడుమ చచ్చి బోలుగా మారినప్పుడు, పెల్లగించి అంచు పిలకలను తిరిగి నాటవలెను.

నిమ్మగడ్డి పోషణయు ఇట్టిదే, కాని నీరు నిలిచిన కుళ్లును. అంతరము రెండడుగులు. ఆకు అంచు కోసుకొనును, నడవకు దూరముగా నాటుడు.

నర్సరీలలో ఫౌంటెన్ గడ్డి పేరుతో అమ్ముదానిని కొనుటకు ముందు ఆలోచింపవలెను. దాని ఊదారంగు కంకి కన్నులపండువే. కాని విత్తనముతో వ్యాపించు ఆ జాతి హవాయి దీవులలో కార్చిచ్చులకు ఇంధనమైనది. 2017లో ఐరోపా సమాఖ్య దానిని హానికర అన్యజాతుల పట్టికలో చేర్చినది. ఏటి ఒడ్డున రెల్లు అందమైనదే, కాని దానికి ఏటి ఒడ్డే తగిన చోటు.

కళాశాల కార్యవర్గము వారికి ఒక మనవి. పచ్చికబయలు వేసవియంతయు నీరు కోరును. ఆటస్థలపు గట్టు, వాననీరు జారు కాలువ అంచు వట్టివేరుకు సరియైన తావులు. ఒక దుబ్బు నుండి పదుల కొలది నారు వచ్చును గనుక తొలియేడు ఒక చిన్న నారుమడి వేసిన చాలును. మరుసటి తొలకరికి విద్యార్థులే చీల్చి నాటగలరు.