మైకు ఎందుకు గీరుతుంది?

గుంటూరు బ్రాడీపేటలో ఒక పెళ్లి. వీధిలో పందిరి వేశారు. పందిరి పక్కన రెండు పెద్ద సౌండు బాక్సులు పెట్టారు. సాయంత్రం పాటలు బాగానే వినిపించాయి. రాత్రికి జనం పెరిగారు. గోల పెరిగింది.

"ఇంకొంచెం పెంచు బాబూ! వెనకవాళ్లకు వినపడట్లేదు" అన్నాడు పెళ్లికూతురి మేనమామ.

"ఇంక పెంచితే గీరుద్దండీ. కాయిల్ కాలిపోద్ది. ఇవాళ్టి కిరాయి దానికే సరిపోద్ది" అన్నాడు మైకుసెట్టు అబ్బాయి.

అతని మాట నిజం. ఎందుకో చూద్దాం.

స్పీకరులో గరాటులాంటి అట్ట ఉంటుంది. అది కోను. కోను వెనక సన్నని తీగచుట్ట ఉంటుంది. అది కాయిల్. అయస్కాంతం దగ్గర ఇరుకు సందులో కాయిల్ ఉంటుంది. పాట కరెంటు రూపంలో కాయిల్‌లోకి వస్తుంది. కాయిల్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దాంతో కోను గాలిని నెడుతుంది. అదే మనం వినే చప్పుడు. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇలాంటి స్పీకరును వివరించారు. ఈనాటికీ ఎక్కువ స్పీకర్లు పనిచేసేది ఇలాగే.

కాయిల్ ఊగడానికి ఒక హద్దు ఉంది. హద్దు దాటితే అయస్కాంతం పట్టు తగ్గుతుంది. కోను అంచు బిగుసుకుంటుంది. అప్పుడు పంపిన పాట ఒకటి, వచ్చే మోత ఒకటి. యాంప్లిఫయరుకూ హద్దు ఉంది. మించితే అది పాట తల కోసేసి పంపుతుంది. బర్రుమనే మోత చాలాసార్లు దానివల్లే వస్తుంది. తిట్లు మాత్రం స్పీకరుకు!

వేడి ఇంకా చెడ్డది. వేడెక్కిన తీగలో కరెంటు సులువుగా పారదు. చప్పుడు తగ్గుతుంది. తగ్గిందని మళ్లీ పెంచుతారు. తీగ మరింత వేడెక్కుతుంది. చివరికి జిగురు మెత్తబడి కాయిల్ వంకరపోతుంది. అయస్కాంతానికి రాసుకుని గరగరమంటుంది. సందులో ఇనుపరజను చేరినా ఇదే చప్పుడు.

మరి బాక్సు ఎందుకు? కోను ముందూ చప్పుడు వస్తుంది, వెనకా వస్తుంది. రెండూ కలిస్తే డోలు మోత లాంటి బరువైన చప్పుడు చచ్చిపోతుంది. బాక్సు వాటిని కలవనివ్వదు. కానీ చెక్క పలచనైతే అదే మోగుతుంది. స్క్రూ వదులైతే జర్రుమంటుంది.

ఆ రాత్రి ఎడమ బాక్సు డోలు దెబ్బకల్లా జర్రుమంది. అబ్బాయి వెనక చెక్కను అరచేత్తో నొక్కి పట్టాడు. మోత ఆగింది. అంటే తప్పు స్పీకరుది కాదు. సెట్టు ఆపి స్క్రూలు బిగించాడు. తర్వాత రెండు బాక్సులనూ ఎత్తు బల్లలమీద పెట్టి, జనంవైపు తిప్పాడు. సెట్టు మళ్లీ వేశాడు. సౌండు మాత్రం పెంచలేదు.

"ఇప్పుడు వినపడుతోందా బాబాయ్?"

వెనక వరసలోంచి మేనమామ చెయ్యి ఊపాడు.