ఆవుల్లో అనాప్లాస్మోసిస్: కషాయంతో ఆగేదేంటి, ఆగనిదేంటి?

పోయిన వానాకాలం నేను చేసిన తప్పు చెబుతాను, మీరు మాత్రం చెయ్యొద్దు.

సంతలో ఒక సంకర జాతి ఆవును కొని, ఆ రోజే మా ఆవుల పక్కన కట్టేశాను. అన్నిటికీ ఒకే సూదితో టీకా వేయించాను. నెల తిరిగేసరికి ఆరేళ్ల మా పాడి ఆవు మేత మానేసింది. పాలు సగానికి పడిపోయాయి. ఒళ్లు కాలిపోతోంది, పేడ గట్టిగా వస్తోంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాడికి ఇంజక్షన్ ఎందుకులే అని రెండు రోజులు కషాయం తాగించాను. మూడో రోజు కనురెప్ప ఎత్తి చూస్తే లోపల పాలిపోయి, పసుపు తిరిగింది.

డాక్టర్ గారు చెవి కొన నుంచి రక్తం తీసి పరీక్ష చేస్తే అనాప్లాస్మోసిస్ అని తేలింది. ఆక్సీటెట్రాసైక్లిన్ ఇచ్చారు. ఆవు బతికింది. ఐదో నెల చూడి మాత్రం ఈసుకుపోయింది.

ఈ క్రిమి ఎర్ర రక్తకణాల్లో చేరుతుంది. పిడుదులు (కొన్నిచోట్ల గోమార్లు అంటారు), రక్తం పీల్చే ఈగలు, రక్తం అంటిన సూదులు, కొమ్ములు కోసే పనిముట్లు దాన్ని మోసుకొస్తాయి. జబ్బు బయటపడడానికి సాధారణంగా 3 నుంచి 5 వారాలు పడుతుంది. మూత్రం ముదురు పసుపుగా ఉంటుంది. అదే కాఫీ రంగులో వస్తే బబీసియోసిస్ అని అనుమానించాలి.

మరి సంత ఆవుకి ఏమీ కాలేదేంటి? ఒకసారి జబ్బుపడి కోలుకున్న పశువు పైకి బాగానే ఉంటుంది, రక్తంలో క్రిమి మాత్రం మిగిలే ఉంటుంది.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి:

1. కొత్త పశువును రెండు నెలలు వేరుగా కట్టి, రక్త పరీక్ష చేయిస్తాను.

2. ఒక్కో పశువుకి ఒక్కో కొత్త సూది.

3. ఆడ పిడుదు రక్తం తాగి కింద రాలిపోయి, గోడ బీటల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే బీటలు పూడ్చి సున్నం వేస్తాను.

4. వేపాకు, వేప పండ్లు, తులసి, లాంటానా ఆకు గుప్పెడు చొప్పున, వెల్లుల్లి 10 రెబ్బలు, పసుపు 20 గ్రాములు, వస 10 గ్రాములు నూరి, లీటరు నీళ్లలో కలిపి వడకడతాను. వారానికోసారి ఎండ పూట ఒళ్లంతా, కొట్టం బీటల్లోనూ పిచికారీ చేస్తాను.

ఇదంతా పిడుదును ఆపడానికే. క్రిమి రక్తంలో చేరాక ఏ కషాయాన్నీ నమ్ముకోవద్దు, ఆ రోజే డాక్టర్‌ని పిలవండి. నీరసించిన ఆవును ఆసుపత్రికి నడిపించొద్దు. డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు వాడొద్దు.

కనురెప్ప ఎలా ఎత్తి చూడాలో, బీటల్లో పిడుదులు ఎక్కడ దాక్కుంటాయో వీడియోలో చూపించాను. చూసి, ఈ రోజే మీ కొట్టం గోడలు ఒకసారి పరిశీలించండి.