ముందు బాణం, ఆ తర్వాతే లెక్క

హోసూరు



ప్లస్ టూ ఫిజిక్స్‌లో మొదటి పాఠమే గడ్డుగా ఉందని, బిందు ఆవేశాల లెక్కల్లో ఎప్పుడూ గుర్తు దగ్గరే తప్పు వస్తోందని రాశావు. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇంగ్లీషులోకి మారినందువల్లే అనుకుంటున్నావు. కాదమ్మా. కృష్ణగిరిలో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషులో చదివిన పిల్లలూ అక్కడే తడబడతారు. సూత్రం కనబడగానే అంకెలు వేసేస్తారు, అదీ కారణం.

నువ్వు ముందు బొమ్మ గియ్యి. విద్యుత్ క్షేత్రం కనుక్కోవలసిన చోట చిన్న ధనావేశాన్ని ఉంచినట్టు ఊహించుకో. ధనావేశం దాన్ని అవతలికి నెడుతుంది, రుణావేశం తన వైపు లాక్కుంటుంది. ఒక్కో ఆవేశానికి ఒక్కో బాణం. పక్కన మరొకటి ఉందని ఏ ఆవేశమూ తన ప్రభావాన్ని తగ్గించుకోదు, అందుకే విడివిడిగా కనుక్కుని కలపగలుగుతున్నాం. ఇక పరిమాణం: ఆవేశాన్ని దూరం వర్గంతో భాగించి 9×10⁹తో గుణించు. దిక్కు బాణమే చెప్పేసింది కాబట్టి ఇక్కడ రుణ గుర్తు వెయ్యకు. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం మరిచిపోకు.

4, 1 మైక్రోకూలుంబుల ధనావేశాలు 30 సెం.మీ. ఎడంలో ఉన్నాయనుకో. క్షేత్రం సున్నా అయ్యే చోటు వాటి మధ్యనే, పెద్దదానికి 20 సెం.మీ. దూరంలో. ఇప్పుడు చిన్నదాన్ని రుణావేశంగా మార్చు. మధ్యలో ఎక్కడ చూసినా రెండు బాణాలూ ఒకే వైపు ఉంటాయి, సున్నా ఎలా అవుతుంది? బయటికి పోవాలి. పెద్దది దూరమైతేనే సరితూగుతుంది గనక చిన్నదాని అవతల, దానికి 30 సెం.మీ. దగ్గర దొరుకుతుంది. ఈ ఒక్క లెక్కను అర్థమయ్యేదాకా చెయ్యి. పది లెక్కలు పైపైన చేసేకంటే ఇది మేలు.

బాణాలు ఒకే గీత మీద లేకపోతే అడ్డంగా ఒక భాగం, నిలువుగా ఒక భాగం విడదీసి కలుపు. చతురస్రం నాలుగు మూలలా సమాన ధనావేశాలుంటే కేంద్రంలో లెక్కే అక్కర్లేదు, ఎదురెదురు బాణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇదంతా కాగితం మీది మాటని అనుకోకు. 1785లో కూలుంబ్ సన్నటి తీగ ఎంత మెలి తిరిగిందో చూసి ఆ దూరవర్గ నియమాన్ని నిర్ధారించాడు. మన హోసూరు పౌడర్ కోటింగ్ షెడ్లలో పొడికి ఆవేశం ఎక్కించి, ఎర్త్ చేసిన ఇనుప సామాను మీద చల్లుతారు. క్షేత్రం లాగుతుంది కాబట్టే ఆ పొడి సామాను వెనక వైపుకీ చుట్టుకుని అంటుకుంటుంది.

ఆదివారం వచ్చేటప్పుడు నోటుపుస్తకం తెచ్చుకో. త్రిభుజం లెక్కలు పట్టుకుందాం.

మీ మామ