అక్షరం పెంచు, తెర తగ్గించకు

చిరంజీవి అమ్మలుకి,

లినక్స్ కన్సోల్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని, రిజల్యూషన్ తగ్గిస్తే సరిపోతుందా అని అడిగావు. వద్దు. రిజల్యూషన్ జోలికి పోకుండా ఫాంటు మార్చు. ఎందుకో చెబుతాను. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ టెక్స్ట్ మోడ్‌లో అక్షరం 9 పిక్సెళ్ల వెడల్పు, 16 ఎత్తు. వరసకు 80 అక్షరాలు, 25 వరసలు. వెరసి 720 బై 400. నలభై అక్షరాల మోడ్ పెడితే అక్షరం రెట్టింపు వెడల్పయ్యేది. అప్పటి గాజు గొట్టం మానిటర్ తన పరిధిలోని ఏ మోడ్ ఇచ్చినా సర్దుకునేది. నీ ఎల్‌సీడీకి ఆ వెసులుబాటు లేదు, దాని పిక్సెళ్లు తయారీలోనే లెక్క కట్టి పెట్టినవి. 1920 బై 1080 తెర నిండా 1024 బై 768 బొమ్మను సాగదీస్తే ఒక్కో చుక్క అడ్డంగా 1.875, నిలువుగా 1.4 పిక్సెళ్ల మీద పరుచుకోవాలి. పిక్సెల్‌లో ముక్క అనేది ఎక్కడా ఉండదు కాబట్టి గీతల అంచులు పక్కవాటిలోకి పాకుతాయి. అక్షరం పెద్దదవుతుంది, అలుక్కుపోతుంది కూడా. ఒకటి అంకెకూ చిన్న ఎల్‌కూ తేడా తెలియక ఫైలు పేరు తప్పు కొడితే ఆ పెద్ద అక్షరం ఏం లాభం?

అదే తెర మీద మామూలు 8 బై 16 ఫాంటుతో 240 నిలువు గళ్లు, 67 వరసలు వస్తాయి. టెర్మినస్ అనే ఫాంటును 16 బై 32లో పెడితే 120 గళ్లు, 33 వరసలు. అక్షరం నాలుగింతల చోటు తీసుకుంటుంది, అయినా ప్రతి గీతా పూర్తి పిక్సెళ్ల మీదే నిలబడుతుంది. సగం వరసలు పోయాయంటావేమో. పాత 25 కంటే ఇంకా ఎక్కువే కదా! పైకి జారిపోయిన వరసల కోసం షిఫ్ట్, పేజప్ నొక్కే సదుపాయాన్ని 2020లో కెర్నల్ 5.9 నుంచి తీసేశారు. అంటే 67 వరసలున్నా పొడుగాటి అవుట్‌పుట్‌ను పేజీలుగా చూపే లెస్ కమాండ్‌లోకి పంపక తప్పదు. డెస్క్‌టాప్‌లో టెర్మినల్ ఉండగా ఇదంతా ఎందుకన్నది రెండో ప్రశ్న. గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయించిన రోజున డెస్క్‌టాప్ రాదు, ఎర్రర్ చదవాల్సింది ఈ నల్ల తెర మీదే. ఆ రోజు కళ్లు చికిలించుకుంటూ ఫాంటు వెతుక్కోవడం కంటే ఇప్పుడే పెట్టుకోవడం తేలిక. మానిటర్ తన కొలతలను కంప్యూటర్‌కు తప్పుగా చెప్పినప్పుడు మాత్రం మోడ్ నువ్వే చెప్పాలి, కెర్నల్‌కు ఇచ్చే వీడియో పారామీటర్ ఉన్నది అందుకే. అప్పుడు కూడా తెర అసలు రిజల్యూషనే ఇవ్వు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి లాగిన్ అయ్యాక సెట్‌ఫాంట్ కమాండ్‌తో ముందు పరీక్షించు. డెస్క్‌టాప్ కిటికీలోంచి ఇస్తే కన్సోల్ దొరకలేదని తిట్టి ఊరుకుంటుంది. ఈ మార్పు రీబూట్‌తో పోతుంది గనక ధైర్యంగా ప్రయత్నించవచ్చు. నచ్చితే డెబియన్, ఉబుంటులలో కన్సోల్-సెటప్ ప్యాకేజీని డీపీకేజీ-రీకాన్ఫిగర్‌తో మళ్లీ నడిపి టెర్మినస్‌నూ, 16 బై 32నూ ఎంచుకో. ఫెడోరాలో అయితే వీకన్సోల్ కాన్ఫ్ ఫైలులో ఫాంట్ అన్న వరస మార్చాలి. తెలుగు పేర్లున్న ఫైళ్లు మాత్రం ఏ ఫాంటు పెట్టినా డబ్బాలుగానే కనబడతాయి. కన్సోల్ ఫాంటులో 512 బొమ్మలకు మించి పట్టవు, ఒత్తును అక్షరం కింద చేర్చే పని దానికి చేతకాదు. వాటిని డెస్క్‌టాప్‌లోనే చూసుకో.

మీ పెదనాన్న