గుండెమంటకు చిన్న కోతల చికిత్స

భోజనానంతరము గుండెలో మంటయని ఛాతీ రుద్దుకొను పెద్దలు లేని యిల్లు అరుదు. పేరు గుండెమంటయే గాని, ఇది గుండెజబ్బు కాదు. అన్నవాహిక జఠరముతో కలియు చోట కండరపు వలయ మొకటి కలదు. మ్రింగిన ముద్దను లోనికి విడిచి, వెంటనే మూసికొనుట దాని పని. అది సడలినచో జఠరమందలి ఆమ్లము పైకి వచ్చి అన్నవాహికను ఒరయించును.

పడుకొనుటకు రెండు మూడు గంటలు ముందుగా భుజించుట, పొగాకు మానుట, స్థూలకాయులు బరువు తగ్గుట, మంచమును తలవైపు ఎత్తు చేసికొనుట మొదటి చికిత్స. పిదప ఒమెప్రజోల్ వంటి మాత్రలు. పెక్కుమందికి ఇంతతో సరిపోవును. అయితే మాత్రలు ఆమ్లమును తగ్గించును గాని, సడలిన ద్వారమును బిగింపవు. మాత్ర మానిన వెంటనే బాధ తిరుగబెట్టువారికి శస్త్రచికిత్స యొక మార్గము.

1955లో స్విట్జర్లాండునందలి బాసెల్ నగరమున రుడాల్ఫ్ నిస్సెన్ అను వైద్యుడు జఠరపు పైభాగమును అన్నవాహిక చుట్టును కండువావలె చుట్టి కుట్టెను. ఆనాడు ఇందుకై కడుపును పెద్దగా కోయవలసి వచ్చెడిది. 1991లో బెల్జియము వైద్యులు దీనినే లాపరోస్కోపు సాయమున చేసి చూపిరి. నాలుగైదు చిన్న రంధ్రములు చాలును. రోగి సాధారణముగా ఒకటి రెండు దినములలో ఇల్లు చేరును. అన్నవాహిక కదలిక బలహీనముగ నున్నచో పూర్తిగా గాక కొంతమేరకే చుట్టుదురు. అయస్కాంతపు పూసల ఉంగరమును అన్నవాహికకు తొడుగు పద్ధతికి 2012లో అమెరికాలో అనుమతి లభించెను. నోటి గుండా ఎండోస్కోపును పంపి, కోత లేకయే ద్వారమును బిగించు పద్ధతియు కలదు. జఠరము ఛాతీలోనికి ఎక్కువగా జాఱినవారికి అదొక్కటే చాలదు.

ఏ పద్ధతికైనను ముందు ఎండోస్కోపీ, ఆమ్లపు కొలత, అన్నవాహిక పీడనపరీక్ష అవసరము. చికిత్స పిమ్మట కొన్నాళ్లు మెత్తని ఆహారమే తినవలెను. కొందరికి మ్రింగుట కష్టమగును, త్రేన్పు రాక కడుపు ఉబ్బును. కొన్నేండ్లకు మరల మాత్రలు వాడవలసి వచ్చువారును కలరు.

తల్లిదండ్రులారా! మనము పొరుగు భాషలో వైద్యునితో మాటాడవలసినవారము. గుండెమంట యను మాటను ఉన్నదున్నట్లు అనువదించినచో అర్థము మారవచ్చును. కావున మంట యెచ్చట, ఎప్పుడు, ఏమి తిన్న పిమ్మట కలుగునో వ్రేలితో చూపి వివరింపుడు. మ్రింగుడు కష్టమైనను, రక్తము వాంతియైనను, మలము నల్లబడినను, కారణము లేక చిక్కిపోయినను జాగు చేయరాదు. చెమటతో ఛాతీ బిగిసి, నొప్పి ఎడమచేతికి ప్రాకినచో, గుండెమంటయని సోడా త్రాగి కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.